రాజోలు బస్సులో మావయ్యగారి టిక్కెట్టు

కుదరబోతున్న పెళ్ళిని చెడగొట్టుకోవడానికి లోకంలో చాలా మార్గాలున్నాయండీ. తాగొచ్చు, పేకాడొచ్చు, ఉద్యోగం మానేసి సినిమా తీస్తానని బయల్దేరొచ్చు. నేను ఇవేవీ చెయ్యలేదు. ముక్కూమొహం తెలీనివాళ్ళకి బస్సు టిక్కెట్లు తీసేను. అంతే. అమలాపురంలో ఎక్కినప్పుడు కాబోయే పెళ్ళికొడుకుని. రాజోల్లో దిగేసరికి ఎవరికీ మొహం చూపించుకోలేని మనిషిని. మధ్యలో ఏం జరిగిందో అంతా చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ముందు మా కోనసీమ సంగతి కాస్త చెప్పాలి. చుట్టూ గోదారి పాయలు, ఓ పక్క సముద్రం. లెక్కకి మాది దీవే. దీవిలో ఉండటంలో చిక్కేమిటంటే, బస్సెక్కినవాడికి తెలిసిన మొహం తగలకపోవడమంటూ ఉండదు. తగిలేక ఊరుకుంటామా? వాళ్ళ టిక్కెట్టు మనం తియ్యాలి. మన టిక్కెట్టు వాళ్ళు తీస్తామంటారు. కండక్టరు మధ్యలో నిలబడి ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. "ఊరుకోండి బావగారూ, మీరు తియ్యడమేంటి?" "అదేం మాటండీ, మా ఊరి వైపొచ్చి మీరు తీస్తారా?" అని ఇద్దరూ ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుని పెనుగులాడుతుంటే, పై ఊరివాడెవడైనా చూస్తే పొలం గట్టు తగాదా అనుకుంటాడు. అది మర్యాదండీ. మర్యాదలో మాకు మొహమాటం ఉండదు.

మా నాన్నగారు ఈ విద్యలో ఆరితేరినవారు. బస్సెక్కగానే ఆయన కూర్చోరు. తెలిసినవాళ్ళెవరున్నారో కళ్ళతోనే వెతికి, తిన్నగా కండక్టరు దగ్గరికెళ్ళి, వాళ్ళ టిక్కెట్లు తీసేసి, అప్పుడెళ్ళి "ఏవండీ, కులాసానా?" అని పలకరిస్తారు. అవతలివాళ్ళు "అయ్యయ్యో, ఏంటండీ ఇది!" అని లబలబలాడుతుంటే ఆయన మొహం చూడాలి మీరు, ఎన్నికల్లో గెలిచినవాడికి కూడా అంత వెలుగు రాదు. ఒకసారెప్పుడో ఆయనకి కునుకు పడితే, ఎవరో ఆయన టిక్కెట్టే తీసేసేరట. ఇంటికొచ్చి రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆయన కొడుకుని నేను. అర్థమైందనుకుంటాను.

ఇక శ్రావణి సంగతి. వాళ్ళ నాన్నగారికి రాజోల్లో మందుల షాపు. ఈ అమ్మాయి ఫార్మసీ చదువుకుని ఆ షాపు తనే చూసుకుంటోంది. నేను అమలాపురంలో ఇంటర్మీడియెట్ పిల్లలకి ఫిజిక్సు చెబుతాను. పెళ్ళిచూపులనాడు మమ్మల్నిద్దర్నీ పెరట్లో కుర్చీలేసి కూర్చోబెట్టేరు. ఏం మాట్లాడాలో తెలీక నేను గోళ్ళు చూసుకుంటుంటే, ఆ అమ్మాయే అడిగింది.

"మీకు బీపీ, షుగరు లాంటివేమైనా ఉన్నాయాండీ?"

"లేవండీ! అస్సలు లేవు" అన్నాను కంగారుగా.

"అయితే మా షాపుకి మీ వల్ల లాభం లేదన్నమాట" అని ఫక్కున నవ్వింది.

ఆ నవ్వుతో నా పని అయిపోయింది. ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పేను, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని. అటువైపూ అందరికీ నచ్చింది. జాతకాలు కుదిరేయి. ఒక్క మనిషి మాట మాత్రం మిగిలింది. శ్రావణి మేనమామ, ముమ్మిడివరంలో ఉంటారు, సత్యంగారని. ఆయన ఊఁ అంటే పెళ్ళి, ఊహూఁ అంటే లేదు. ఆ ఇంట్లో ఆయన మాటంటే అంత.

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి బాబూ. ఎండగా ఉంది, బైకు మీద వద్దు. పొద్దున్న బస్సుకి వచ్చెయ్యండి" అని శ్రావణి నాన్నగారు ఫోను చేసేరు. ఎంత ప్రేమో అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం శ్రావణి షాపులోంచి ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"రేపు మీరెక్కే బస్సులోనే మా మావయ్య వస్తారు. మిమ్మల్ని చూస్తారు, మీకు తెలీకుండా. నేను చెప్పానని ఎవరితోనూ అనకండి."

"నాకు తెలీకుండా నన్ను చూడ్డం ఎందుకండీ? ఎదురుగా కూర్చుంటాను కదా."

"ఎదురుగా కూర్చుంటే అందరూ బుద్ధిమంతులేనంటారు ఆయన. మనిషి బస్సులో బయటపడతాడట. మా అక్కకి వచ్చిన సంబంధం ఒకటి అలాగే పోయింది."

"ఏం చేసేడేంటి?"

"చెప్పులిప్పేసి ఎదర సీటు మీద కాళ్ళు పెట్టేడు."

నేను వెంటనే నా కాళ్ళవైపు చూసుకున్నాను. "ఆయన ఫొటో ఒకటి పంపండి" అన్నాను.

"పంపను. పంపితే దారంతా ఆయన్నే చూస్తూ కూర్చుంటారు. మీరు మామూలుగా ఉండండి, చాలు."

"పోనీ ఆనవాలైనా చెప్పండి."

"అబ్బా! బట్టతల, మీసం, తెల్లచొక్కా. ఇంక అడక్కండి, షాపులో జనం ఉన్నారు" అని పెట్టేసింది.

బట్టతల, మీసం, తెల్లచొక్కా. అయ్యా, ఆదివారంపూట మా కోనసీమ రోడ్డు మీదికొచ్చి చూడండి. యాభై దాటిన మగవాళ్ళలో ఈ మూడూ లేనివాణ్ణి చూపిస్తే మీకు గెల కొబ్బరిబొండాలు కొట్టించి ఇస్తాను.

ఆగలేక నాన్నగారితో చెప్పేసేను. ఆయన మడతకుర్చీలోంచి లేచి కూర్చున్నారు.

"ఇందులో ఆలోచించడానికేముందిరా? ఆయన టిక్కెట్టు నువ్వు తీసెయ్. బస్సులో పెద్దవాడి టిక్కెట్టు అడక్కుండా తీసినవాణ్ణి ఎవడైనా కాదంటాడా? చూసుకో మరి, ఆయన నీది ముందు తీసేసేరో, ఇంక నేను ఆ ఇంట్లో తలెత్తుకోలేను."

"ఆయనెవరో తెలీదు కదండీ."

"తెలుస్తుందిలే. పెద్దమనిషన్నవాడు తెలీకుండా ఎక్కడికి పోతాడు?"

అదండీ, నేను మర్నాడు బస్సెక్కినప్పుడు నా దగ్గరున్న సరంజామా. ఒక ఐదువందల నోటు, ఫోను, నాన్నగారి సలహా.

ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయిన కొత్తలవి. ఎప్పట్నించో ఆగిపోయిన ప్రయాణాలన్నీ ఒక్కసారి బయల్దేరినట్టు బస్సు నిండా ఆడవాళ్ళే. నేను ముందుగా వెళ్ళి మధ్యలో ఓ సీటు సంపాదించేను, అటూ ఇటూ చూడ్డానికి వీలుగా. బస్సు కదిలే ముందు ఒకావిడ ఎక్కేరు. యాభై దాటి ఉంటాయి, పచ్చటి మనిషి, నలగని నేతచీర. ఓ చేతిలో సంచి, రెండో చేతిలో ప్లాస్టిక్ కవరులో కరివేపాకు మొక్క.

"కాస్త జరుగుతావా బాబూ?" అన్నారు. జరిగేను.

"ఈ మొక్క పట్టుకుంటావా, చీర సర్దుకుంటాను." పట్టుకున్నాను. నా చూపు మాత్రం ఆవిడ మీద లేదు. ముందు మూడో సీట్లో ఒక బట్టతల మెరుస్తోంది.

"ఎందాకా బాబూ?"

"రాజోలండీ."

"నేనూ అక్కడికే. చుట్టాలున్నారా?"

"ఆయ్."

"ఏం చేస్తుంటావు?"

"ఫిజిక్సండీ." బట్టతల ఇటు తిరిగింది. మీసం ఉంది! తెల్లచొక్కా!

ఆవిడ ఇంకా ఏవేవో అడుగుతున్నారు. మా వైపు ఇది మామూలే. పక్కన కూర్చున్నవాళ్ళ వివరాలు కనుక్కోకపోతే మాకు ప్రయాణం చేసినట్టుండదు. నేను అన్నిటికీ "ఆయ్, ఆయ్" అంటూ పోయేను. ఆయ్ అంటే మా వైపు అవునండీ అని. దేనికి ఆయ్ అన్నానో నాకే తెలీదు. అది ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది.

కండక్టరు వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, చురుకైన మనిషి. పక్కావిడ ఆధార్ కార్డు చూపించేరు, సున్నా టిక్కెట్టు కొట్టి ఇచ్చింది. నేను హాస్యం ఆడేననుకుని, "మీకేమండీ పిన్నిగారూ, సున్నా టిక్కెట్టు. మీ పక్కన కూర్చున్న పాపానికి మాకే ఈ బాదుడు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "ఆయ్" అన్నారు.

నేను ఐదువందల నోటు తీసి కండక్టరు చేతిలో పెట్టేను.

"నాదొక రాజోలు. ఆ ముందు కూర్చున్న పెద్దాయనది కూడా నేనే."

"ఆయనది అంబాజీపేటేనండీ. రోజూ ఎక్కుతారు."

ఎత్తుగడ! నాకు తెలీకుండా చూడాలంటే ఇంకేం చేస్తారు మరి, అంబాజీపేటనే చెబుతారు. "ఎక్కడిదైనా కొట్టండి" అన్నాను ధీమాగా. "చిల్లర మీ దగ్గరే ఉంచండి, ఇంకా పనుంది."

టిక్కెట్టు చేతికందగానే ఆ పెద్దాయన సీట్లు పట్టుకుంటూ నా దగ్గరికొచ్చేరు.

"నా టిక్కెట్టు మీరు తీసేరంటండీ. మిమ్మల్ని పోల్చుకోలేకపోతున్నాను."

"ఫర్వాలేదండీ. మీ పిల్లాడిలాంటివాణ్ణి" అని, తెలిసిందిలెండి అన్నట్టు ఓ చిరునవ్వు నవ్వేను.

ఆయన నన్ను కిందనించి పైదాకా చూసేరు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, కొత్త చెప్పులు. ఒక్క క్షణం ఆలోచించి, జాలిగా నా భుజం మీద చెయ్యేసేరు.

"మా అమ్మాయిలిద్దరికీ పెళ్ళిళ్ళు అయిపోయేయి బాబూ. ఆలస్యంగా వచ్చేవు."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చీరకొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయన అంబాజీపేటలో దిగిపోయేరు, నిజంగానే. కొబ్బరి కొట్లోకి వెళ్ళిపోయేరు కూడాను. పక్కావిడ సంచిలోంచి ఓ జామకాయ తీసి, "తిను బాబూ, అలిసిపోయేవు" అన్నారు. వద్దండీ అన్నాను. మనిషికి బుద్ధి చెప్పడానికి దేవుడు కొన్ని అవకాశాలిస్తాడు, ఆ జామకాయ అలాంటిది. తీసుకుని తింటూ కూర్చున్నా సరిపోయేది.

ఎందుకంటే ఆ అంబాజీపేటలోనే ఎక్కేరండీ వాళ్ళు. రాజోలు దగ్గర గృహప్రవేశానికి వెళ్తున్న జట్టు. ఆరుగురు పెద్దమనుషులు. ఆరుగురికీ మీసాలు, ఆరుగురివీ తెల్లచొక్కాలు, ఒక్కడికి మాత్రం నెత్తి మీద నాలుగు వెంట్రుకలు మిగిలేయి. వీళ్ళలో ఎవరో ఒకరు మావయ్యగారు. అమలాపురానికి అవతలనున్న ముమ్మిడివరం ఆయన అంబాజీపేటలో ఎందుకెక్కుతారని అడక్కండి. పిల్లలకి వేగమూ త్వరణమూ చెప్పే మాస్టారుకి ఆ పూట ఊళ్ళ వరస గుర్తు లేదు.

"అమ్మా, ఆరుగురివీ నేనే!" అని అరిచేను.

"ఆరుగురూ మీవాళ్ళేనాండీ?" అంది కండక్టరు.

"అందులో ఒకరు మావాళ్ళు."

"ఎవరండీ?"

"అదే తెలీదు."

కండక్టరు నా మొహంలోకి ఓసారి చూసి, ఏమనుకుందో ఏమో, మిషను నొక్కడం మొదలెట్టింది. ఆ పెద్దలు ఒకటే గోల. "ఎవరండీ మీరు? వద్దండీ! మా టిక్కెట్టు మేం తీసుకోలేమా?" నేను చేతులు జోడించి, "మీరు అనుకోకుండా ఉండాలి గానీ ఇదెంతండీ" అంటున్నాను. అందరికంటే పెద్దాయన నిలబడి ఉన్నారని గబుక్కున లేచి నా సీటిచ్చేను. ఆయన పక్కనున్నాయన కూడా కాస్త ముదురే. ఏ బట్టతలలో ఏ మావయ్యగారున్నారో! ఆయన్ని నిలబెట్టడం న్యాయం కాదనిపించింది.

అప్పుడు చేసేనండీ అసలు ఘనకార్యం. పక్కావిడ వైపు తిరిగి, "పిన్నిగారూ, మీరు కాస్త లేస్తారా? ఆ పెద్దాయన పాపం నిలబడిపోయేరు. ఆడవాళ్ళ సీట్లు ముందున్నాయి కదండీ" అన్నాను.

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ముందు ఆడవాళ్ళ సీట్లలో ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నారు. ఆవిడ నన్నొకసారి చూసేరు. సంచి భుజానికి తగిలించుకుని, మొక్క చేత్తో పట్టుకుని, లేచి కడ్డీ పట్టుకు నిలబడ్డారు. బస్సు కుదిపినప్పుడల్లా కరివేపాకు రెమ్మ నా మొహానికి తగులుతోంది.

వెనక సీట్లోంచి ఒకాయన మెల్లిగా అడిగేడు. "ఏ ఊరికి నిలబడుతున్నారండీ?"

"ఏంటండీ?"

"అదే, సర్పంచి ఎలక్షన్లు రేపో మాపో అంటున్నారు కదా. ఏ గుర్తు?"

"ఛఛ, ఎలక్షన్లేంటండీ, నేను మాస్టార్ని."

"మాస్టార్లు కూడా నిలబడుతున్నారన్నమాట! మంచిదేనండీ, చదువుకున్నవాళ్ళు రావాలి. మా ఇంట్లో ఐదు ఓట్లున్నాయి. మాకు తియ్యరేంటండీ టిక్కెట్టు?"

తియ్యనంటే? మావయ్యగారు వింటున్నారు, పిసినారి అనుకుంటారు. తీసేను. దాంతో వెనకున్న మగవాళ్ళందరికీ నా మీద అభిమానం పుట్టుకొచ్చింది. ఒకాయన తమ ఊరి కల్వర్టు సంగతి చూడమన్నాడు. ఇంకొకాయన పింఛను ఆగిపోయిందన్నాడు. దారిలో ఎక్కినవాళ్ళకి కూడా "ఆయన తీస్తున్నారులెండి" అని వీళ్ళే చెప్పేస్తున్నారు. నేను కాదనలేక, అవుననలేక, అందరికీ నమస్కారాలు పెడుతూ నిలబడ్డాను. నమస్కారం పెట్టినకొద్దీ నేను నిలబడుతున్నానని వాళ్ళకి నమ్మకం గట్టిపడింది.

ఇంతలో డ్రైవరు వెనక సీట్లోంచి ఓ గళ్ళచొక్కా మనిషి లేచేడు.

"ఏవయ్యా! ఈ రూట్లో మా బావగారు నిలబడుతున్నారు. పట్టపగలు బస్సులో ఓట్లు కొంటావా? ఎవడివి నువ్వు? ఎవరు పంపేరు?" అంటూ ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు.

"అయ్యా, నాకే ఓట్లూ వద్దండీ! నేను పెళ్ళి కోసం వెళ్తున్నానండీ!"

"పెళ్ళికెళ్ళేవాడివి బస్సుకంతా టిక్కెట్లెందుకు తీస్తున్నావు?"

దీనికి మీరైతే ఏం జవాబు చెబుతారు? నేనూ అదే చెప్పేను. అంటే, అతనికీ ఓ నమస్కారం పెట్టేను.

సరిగ్గా అప్పుడే కండక్టరు నా ముందు నిలబడింది. "ఐదువందలూ అయిపోయేయండీ. ఇంకా నాలుగు టిక్కెట్లు కొట్టేను, వాటికివ్వండి."

ఫోను తీసేను. బస్సు గన్నవరం అక్విడక్టు మీదికెక్కింది. కింద గోదారి, దాన్ని దాటించడానికి మీద కట్టిన కాలవ, ఎటూ కాకుండా నేను. ఫోనులో గుండ్రం తిరుగుతోంది. తిరిగి తిరిగి పిన్ను నంబరడిగింది. కంగారులో తప్పు కొట్టేను. మళ్ళీ తప్పు. మూడోసారి కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని కొట్టేను. దేవుడికీ నా పిన్ను గుర్తున్నట్టు లేదు. ఇవాళ్టికింక కుదరదు, రేపు ప్రయత్నించమంది ఫోను.

"రేపంటోందండీ" అన్నాను.

"రేపు నాకు సెలవండీ" అంది కండక్టరు. "టిక్కెట్లు కొట్టేసేక డబ్బు రాకపోతే నా జీతంలో పోతుంది. చెప్పండి, ఏం చేద్దాం? బండి ఆపించనా?"

గళ్ళచొక్కా వీడియో దగ్గరగా తెచ్చేడు. ఆరుగురు పెద్దమనుషులూ నన్ను వదిలేసి గోదారిని చూస్తున్నారు. ఐదు ఓట్ల ఆయన ఉన్నట్టుండి నిద్రపోయేడు. మావయ్యగారు ఎక్కడో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. అయిపోయింది. శ్రావణి అయిపోయింది. ఆ పెరడు, ఆ నవ్వు, అన్నీ పోయేయి. నిజం చెబుతున్నానండీ, అంత వయసొచ్చి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేయి.

"ఎంతయిందమ్మాయ్?" అంది ఓ గొంతు.

కరివేపాకు మొక్కావిడ. మొక్క నా చేతికిచ్చి, చిన్న పర్సు తెరిచి, నోట్లు లెక్కపెట్టి కండక్టరుకి ఇచ్చేసేరు.

"అయ్యో, మీరెందుకండీ పిన్నిగారూ!"

"నా టిక్కెట్టు డబ్బులు మిగిలేయి కదా బాబూ. సున్నా టిక్కెట్టు నాకు." ఆ మాట నాకెక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆవిడ గళ్ళచొక్కా వైపు తిరిగేరు. "మీరు కూర్చోండి నాయనా. ఒక్కసారి ఈ అబ్బాయి మొహం చూడండి. ఓట్లడిగే మొహమేనా అది?"

గళ్ళచొక్కా చూసేడు. బస్సంతా చూసింది. కాసేపు పరిశీలనగా చూసి, కాదని అందరూ ఒప్పుకున్నారు. గళ్ళచొక్కా ఫోను జేబులో పెట్టుకుని, "సారీ అండీ" అని కూర్చున్నాడు. అంత అవమానకరమైన సహాయం నాకు జన్మలో ఎవరూ చెయ్యలేదు.

రాజోల్లో దిగేక ఆవిడ దగ్గరికి పరిగెత్తేను. "మీ నంబరివ్వండి, రేపు డబ్బు పంపించేస్తాను" అన్నాను.

"ఎక్కడికి పోతావులే బాబూ" అని, మొక్క నా చేతిలోంచి తీసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయేరు. ఎంత దొడ్డ మనసో అనుకున్నాను. జేబులో ఆటోకి డబ్బుల్లేవు. ఎండలో నడిచి శ్రావణి వాళ్ళింటికి వెళ్ళేను.

వీధరుగు మీద శ్రావణి నాన్నగారు, ఆయన పక్కన ఇంకొకాయన. బట్టతల, మీసం, తెల్లచొక్కా. గుమ్మంలో శ్రావణి.

"రండి రండి! మా బావగారు, సత్యంగారు" అన్నారు శ్రావణి నాన్నగారు.

ఈ మొహం బస్సులో లేదు. ఆరుగుర్నీ నేను కంఠతా పట్టేను, వాళ్ళలో ఈయన లేరు. నా నోరు ఊరుకోలేదు.

"మిమ్మల్ని బస్సులో చూడలేదేంటండీ?"

శ్రావణి నుదురు కొట్టుకుంది. సత్యంగారు మేనకోడలి వైపు ఓసారి చూసి పెద్దగా నవ్వేరు.

"చెప్పేసిందన్నమాట! ఆయ్, నేనే రావాలండీ. నిన్న పని మీద ఇటొచ్చి పక్కూళ్ళో ఉండిపోయేను. మళ్ళీ అమలాపురం వెళ్ళి, మీతో బస్సెక్కి రావాలంటే రెండు టిక్కెట్లు దండగంది మా ఆవిడ. నేనెలాగూ వస్తున్నాను, నాకు ఫ్రీ, నేను చూసొస్తాలెండి అంది. ఇప్పుడే దిగింది. ఏమేవ్!"

లోపల్నించి ఆవిడ వచ్చేరు. చేతిలో మంచినీళ్ళ గ్లాసు.

భూమి తెరుచుకుంటుందేమోనని చూసేను. రాజోల్లో నేల మెత్తనే గానీ అంత మెత్తన కాదు. నేను గబగబా వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టేను. "క్షమించండి అత్తయ్యగారూ. మిమ్మల్ని నిలబెట్టేసేను. చాలా తప్పు చేసేను."

"నొప్పి కాళ్ళకి కాదు నాయనా, నడుముకి" అన్నారావిడ. "ముందు మంచినీళ్ళు తాగు."

సత్యంగారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "చెప్పు మరి. ఎలా ఉన్నాడు?"

"మందు తాగుతావా అంటే ఆయ్ అన్నాడు. అప్పులున్నాయా అంటే ఆయ్ అన్నాడు. ఇదివరకో పెళ్ళయిందా అంటే దానికీ ఆయ్ అన్నాడు."

"అయ్యో, నేను వినలేదండీ!" అన్నాను. శ్రావణి పెదవి కొరుక్కుంటోంది, నవ్వాపుకోడానికో కోపమాపుకోడానికో తెలీలేదు.

"బస్సులో మగాళ్ళందరికీ టిక్కెట్లు తీసేడు."

"అందరికీనా?" సత్యంగారి కళ్ళు మెరిసేయి. "అడక్కుండానే?"

"వద్దంటున్నా. ఎవరో కూడా తెలీదు."

"ఓహో!"

"ఎవరికో సీటివ్వాలని నన్ను లేపేసేడు."

"పెద్దవాళ్ళంటే ఎంత గౌరవమో చూసేరా!" అన్నారాయన శ్రావణి నాన్నగారితో.

అత్తయ్యగారు నడుం మీద చేతులేసుకున్నారు. "అవునవును. మన పెళ్ళైన కొత్తలో కాకినాడ బస్సులో మీరేం చేసేరో గుర్తుందా? ఊళ్ళోవాళ్ళందరికీ టిక్కెట్లు తీసి, వాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ ద్రాక్షారంలో దిగిపోయేరు. నేను బస్సులోనే ఉండిపోయేను. సంచీ మాత్రం జాగ్రత్తగా దింపుకున్నారు. వీడూ అంతే. అచ్చు మీరే!"

సత్యంగారు తొడ చరిచేరు. "నాలాంటివాడంటే ఇంకేం కావాలండీ బావగారూ? ముహూర్తం పెట్టించెయ్యండి!"

శ్రావణి నాన్నగారు అప్పటికే పంతులుగారికి ఫోను కలుపుతున్నారు. అత్తయ్యగారు శ్రావణి దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నారు.

"నేను చెప్పింది నీకైనా వినబడిందా అమ్మా? వీడు చెడ్డవాడు కాదు. కానీ బస్సెక్కితే పెళ్ళాం గుర్తుండని రకం. ఇంత వయసొచ్చేక కూడా నేను దిగే ఊరొస్తే మళ్ళీ వదిలేసి దిగిపోతారేమోనని ఈయన్నే చూస్తూ కూర్చుంటాను. ఇప్పుడే చెప్పు, చేసుకుంటావా?"

శ్రావణి నాన్నగారు ఫోను పక్కన పెట్టేరు. శ్రావణి నా వైపు చూసింది. చెమటకి అంటుకుపోయిన ఇస్త్రీ చొక్కా, చెవి వెనక కరివేపాకు రెమ్మ. అత్తయ్య వైపు తిరిగింది.

"ఫర్వాలేదు అత్తా. నన్ను బస్సులో వదిలేసి దిగిపోయినా ఇంటికొచ్చెయ్యగలను. నాకూ ఫ్రీయే కదా!"

అత్తయ్యగారే అందరికంటే ముందు నవ్వేరు. నేనైతే నవ్వేనో ఏడ్చేనో నాకు తెలీదు. శ్రావణి అరిచెయ్యి నా చేతిలో పెట్టిన ముహూర్తంలో కూడా అంత సంతోషం వెయ్యలేదు, నిజం.

కాబట్టి చదువరులారా, గౌతమీ వశిష్ఠా వైనతేయ పాయల సాక్షిగా, మా నాన్నగారికి వినబడకుండా, ప్రమాణం చేసి చెబుతున్నాను. ఈ జన్మలో బస్సులో నా టిక్కెట్టు తప్ప మరో మనిషి టిక్కెట్టు తియ్యను. పక్కన కలెక్టరున్నా, కన్నతండ్రే ఉన్నా, కండక్టరు దగ్గరికి రాగానే నిద్ర నటిస్తాను. ఏ బట్టతలకీ సీటివ్వను. ఆడమనిషి ఏమడిగినా సరే, ఆయ్ అనే ముందు రెండోసారి అడిగించుకుంటాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఎక్కేటప్పుడు నా పక్కన ఎవరుంటే దిగేటప్పుడూ ఆవిడే ఉందో లేదో చూసుకుని మరీ దిగుతాను.